శనివారం లెక్క ఎక్కడ పోయింది?

కొత్త భాషలో తప్పు మాట్లాడితే మనుషులు నవ్వుతారు. నవ్వినా, మనం చెప్పాలనుకున్నదేంటో ఊహించుకుని సర్దుకుపోతారు. కంప్యూటర్‌కు ఆ సర్దుబాటు తెలీదు. చిన్న చుక్క తేడా వచ్చినా అక్కడే మొరాయిస్తుంది. ఒక్కోసారి అంతకన్నా అన్యాయం... అంతా అర్థమైనట్టే తలూపి తప్పు జవాబు చెబుతుంది! అలాంటి భాషతో నస్రుల్లాబాద్‌లో ఓ డిగ్రీ అమ్మాయి పట్టిన కుస్తీ ఇది. ఆ కుస్తీలో ఆమెకు దొరికిన గురువు ఎవరో కాదు... బీడీలు చుట్టే అమ్మ.

రాత్రి తొమ్మిదైంది. ఇంటి ముందుగదిలో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని అమ్మ బీడీలు చుడుతోంది. ఎదురుగా చాపమీద కూతురు. ఆమె ఒళ్లో ల్యాప్‌టాప్. ఇద్దరి చేతులూ ఆగకుండా ఆడుతున్నాయి. తేడా ఒక్కటే. అమ్మ చేతిలోంచి నిమిషానికి రెండు బీడీలు వచ్చి చాటలో పడుతున్నాయి. కూతురు మాత్రం గంట నుంచీ ఒకే వాక్యాన్ని రాస్తోంది, చెరిపేస్తోంది. రాసిన ప్రతిసారీ తెరమీద ఎర్ర అక్షరాలు.

‘‘ఏమంటుంది బిడ్డా గది?’’ తలెత్తకుండానే అడిగింది అమ్మ.

‘‘నేను చెప్పేది దానికి సమజైతలేదట అమ్మా.’’

‘‘మల్లోపారి చెప్పరాదు!’’

ఎన్నిసార్లని చెబుతుంది? మూడు నెలల కోర్సు అని హైదరాబాద్ వెళ్లి, మూడు వారాలకే పెట్టె సర్దుకుని వచ్చేసింది. బతుకమ్మ పండక్కి వచ్చానని ఇంట్లో చెప్పింది. తిరిగి వెళ్లే ఉద్దేశం లేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె పేరు ఏదైనా కావచ్చు. ప్రోగ్రామింగ్ అనే మాట విని ఆశపడి, మొదటి నెలలోనే ‘ఇది మనవల్ల కాదు’ అనుకునే పిల్లలు తెలుగునాట ఏ ఊళ్లో చూసినా కనిపిస్తారు. ఆ పిల్లలందరి కథా ఇంచుమించు ఇదే.

బట్టీతో గట్టెక్కిన సీ

నస్రుల్లాబాద్ కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడకు దగ్గర్లో ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదంతా నిజామాబాద్ జిల్లాయే. మంజీర నదిమీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లతో ఈ చుట్టుపక్కల వరి పండుతుంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వేలమంది ఆడవాళ్లకు బీడీల పనే చేతి ఖర్చు, పిల్లల ఫీజు, ఇంటి ధైర్యం.

ఈ ఇంట్లోనూ అంతే. నాయిన యాసంగి వడ్లు అమ్మిన డబ్బుతో వాడిన ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాడు. అమ్మ నెలనెలా కట్టిన చీటీ ఎత్తి కోర్సు ఫీజు, హాస్టల్ ఖర్చు ఇచ్చింది. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి అమ్మాయి ఆమే. వెనక చెల్లెలుంది, ఇంటర్ రెండో సంవత్సరం. అక్క పట్నం వెళ్లి గెలిస్తే చెల్లెలికీ దారి దొరుకుతుంది. అక్క ఓడిపోయి వస్తే ‘పెద్దదానితోనే కాలేదు, దీన్నెందుకు పంపుడు’ అనే మాట వస్తుంది. ఎవరూ పైకి అనలేదు. కానీ ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు ఆమెకు ప్రోగ్రామింగ్ బొత్తిగా కొత్తేమీ కాదు. డిగ్రీలో సీ భాష ఒక పేపరు. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన భాష అది. ఇప్పటికీ మన కాలేజీల్లో మొదటి పాఠం చాలాచోట్ల దానితోనే. ఆమె పరీక్షకు పది ప్రోగ్రాములు బట్టీ పట్టింది. అందులో ఆరు వచ్చాయి. మంచి మార్కులే పడ్డాయి. ‘నాకు సీ వచ్చు’ అనుకుంది. నిజానికి ఆమెకు వచ్చింది సీ కాదు, ఆ పది ప్రోగ్రాములు. అర్థం తెలియకుండా మంత్రం వల్లెవేసినట్టు. పదకొండో ప్రోగ్రాము రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

ఆ సంగతి అమీర్‌పేట్‌లో బయటపడింది.

ఫంక్షన్‌లో ఆర్గ్యుమెంటా?

అమీర్‌పేట్ గురించి తెలుగువాళ్లకు పరిచయం అక్కర్లేదు. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్... ఈ పేర్లు వినని ఇంజినీరింగ్ విద్యార్థి ఉండడు. 2000 సంవత్సరం వచ్చేముందు ‘వైటూకే’ సమస్య ప్రపంచాన్ని వణికించింది. పాత కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకోవడంతో 2000ను 1900 అనుకుంటాయేమోనని భయం. వాటిని సరిచేయడానికి కోబాల్ అనే పాత భాష తెలిసినవాళ్లు ఒక్కసారిగా కావాల్సివచ్చారు. అప్పట్నుంచీ ఏ భాషకు గిరాకీ వస్తే ఆ భాష బోర్డులు ఆ సందుల్లో వేలాడుతూనే ఉన్నాయి. కోబాల్ తర్వాత జావా, ఆ తర్వాత డాట్‌నెట్, ఇప్పుడు పైథాన్. కరోనా తర్వాత చాలా క్లాసులు ఆన్‌లైన్‌కు మారినా, ఊళ్లనుంచి పెట్టె పట్టుకుని దిగే పిల్లలు ఇంకా ఉన్నారు.

ఆమె చేరింది పైథాన్‌లో. హాలు నిండా పిల్లలు. సార్ తెరమీద టకటకా రాస్తున్నారు. ముందువరుసలో వాళ్లు ‘యెస్ సార్’ అంటున్నారు. ఆమె వెనక వరుస.

మొదటి చిక్కు మాటల దగ్గరే వచ్చింది. ‘ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్ ఇవ్వండి’ అన్నారు సార్. ఆమెకు తెలిసిన ఫంక్షన్ అంటే బంధువులు వచ్చేది, విందు పెట్టేది. ఆర్గ్యుమెంట్ అంటే వాదులాట. ఫంక్షన్‌లో వాదులాట ఎందుకు పెట్టుకోవాలి? రాత్రి హాస్టల్లో నిఘంటువు తిరగేసింది. అందులోనూ ‘వాదన’ అనే ఉంది! ‘స్ట్రింగ్’ అంటే దారం అని ఉంది. బీడీకి కట్టే దారం గుర్తొచ్చింది తప్ప పాఠం అర్థంకాలేదు.

నిజానికి ఫంక్షన్ అంటే గిర్ని లాంటిది. గోధుమలు పోస్తే పిండి వస్తుంది, కారం పోస్తే కారప్పొడి వస్తుంది. లోపల పోసేదే ఆర్గ్యుమెంట్. బయటికి వచ్చేది రిటర్న్. అక్షరాలన్నీ దండలా గుచ్చితే అది స్ట్రింగ్. ఇంత చిన్న సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆమెకు ఒక వారం కలిసొచ్చేది.

రెండో చిక్కు పాత భాషతో. సీ భాషలో ప్రతి వాక్యం చివరా సెమీకోలన్ పెట్టాలి. కొన్ని వాక్యాలు కలిపి ఒక జట్టుగా చూపాలంటే మీసాల బ్రాకెట్లు పెట్టాలి. ఏ సంఖ్యను దాచుకోవాలన్నా అది పూర్ణాంకమో కాదో ముందే చెప్పాలి. పైథాన్‌లో ఇవేవీ అక్కర్లేదు. అక్కడ జట్టును చూపించేది ఖాళీ జాగా. ఏ వాక్యం ఎంత లోపలికి జరిగి ఉందో దాన్నిబట్టే అది ఏ జట్టులోదో తేలుతుంది. పొలంలో ఏ గట్టు లోపలి నీళ్లు ఆ మడివే అన్నట్టు. ఆమె చేతికి పాత అలవాటు. బ్రాకెట్లు పెట్టేది, జాగా వదిలేది కాదు. కంప్యూటర్ ‘ఇండెంటేషన్ ఎర్రర్’ అనేది. కళ్లకు కనిపించని ఖాళీ తప్పని చెబితే ఎక్కడని వెతుకుతుంది?

పక్కవాళ్లను అడుగుదామంటే సిగ్గు. సార్‌ని అడుగుదామంటే భయం. ఒకరోజు ధైర్యం చేసి అడిగితే ‘బేసిక్స్ చూసుకోమ్మా’ అన్నారు. ఆ బేసిక్సే కదా కావాల్సింది! మూడో వారానికి నోట్సు రాయడం మానేసింది. నాలుగో వారం మొదట్లో బాన్సువాడ బస్సెక్కింది.

ఎనిమిదిన్నర లక్షల బీడీలు

ఇంటికొచ్చాక రెండు రోజులు ల్యాప్‌టాప్ తెరవలేదు. మూడోరోజు అమ్మ అడిగింది. ‘‘నేర్చుకున్నది నాకోపారి చూపియ్యరాదు. గిన్ని పైసలు కట్టినం, ఏమొస్తదో చూస్త.’’

ఏం చూపిస్తుంది? క్లాసులో చెప్పిన ఉదాహరణలన్నీ ఎక్కడో అమెరికా బ్యాంకుల లెక్కలు, ఉద్యోగుల పట్టికలు. అమ్మకు వాటితో పనిలేదు. చాట పక్కనే కార్ఖానా పుస్తకం కనిపించింది. ఏరోజు ఎన్ని బీడీలు ఇచ్చిందో అందులో రాసి ఉంటుంది. ‘సోమవారం 850, మంగళవారం 900. ఈ రెండూ కూడి చూపిస్తాలే’ అనుకుంది. మొదటి సంఖ్య అడగడం, రెండో సంఖ్య అడగడం, రెండూ కలిపి చూపించడం. మూడే వాక్యాలు.

ఎర్ర అక్షరాలు రాలేదు! గుండె ఝల్లుమంది. జవాబు వచ్చింది.

850900.

‘‘ఎన్నట?’’ అంది అమ్మ.

‘‘ఎనిమిది లక్షల యాభై వేల తొమ్మిది వందలు...’’

అమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది. ‘‘రొండు దినాలల్ల ఎనిమిదిన్నర లచ్చల బీడీలా! గన్ని చేస్తే నేను గీడెందుకు కూసుంట బిడ్డా?’’ అని పకపకా నవ్వింది. కూతురు కూడా నవ్వింది. నెలరోజుల్లో ఆమె ప్రోగ్రామ్ చూసి నవ్వడం అదే మొదటిసారి.

నవ్వాక ఆలోచించింది. 850 పక్కన 900 అంటించింది కంప్యూటర్. కూడలేదు, అతికించింది. ఎందుకు? సార్ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. కీబోర్డు మీద మనం ఏం కొట్టినా పైథాన్ దాన్ని ముందు అక్షరాల దండగానే తీసుకుంటుంది. అది అంకె అని మనం చెబితేనే అంకె. లేకపోతే 850 అన్నది దానికి ‘ఎనిమిది, అయిదు, సున్నా’ అనే మూడు గుర్తులు మాత్రమే. రెండు దండల్ని కలపమంటే ఒకదాని చివర ఇంకోటి ముడేస్తుంది. స్ట్రింగ్ అంటే దారమని నిఘంటువు చెప్పింది మరీ అబద్ధమేం కాదు!

‘ఇంట్’ అనే చిన్న మాట చేర్చింది. 1750 వచ్చింది. అమ్మ తలూపింది. ‘‘ఆఁ, గిది సరే.’’

క్లాసులో ఇదే పాఠం రెండుసార్లు విన్నది. అర్థంకాలేదు. బీడీల లెక్కలో ఒక్కసారికే అర్థమైంది. ఎందుకంటే ఈ లెక్కకు జవాబు ఎంత రావాలో ఆమెకు ముందే తెలుసు. అమెరికా బ్యాంకు లెక్క తప్పొచ్చినా ఆమెకు తెలిసేది కాదు. అమ్మ బీడీల లెక్క తప్పితే ఇట్టే తెలిసిపోతుంది. తెలియని భాష నేర్చుకోవాలంటే చేతిలో తెలిసిన లెక్క ఉండాలి. అసలు రహస్యం అదే.

ఎర్ర అక్షరాలు తిట్లు కావు

మన బడుల్లో ఎర్ర సిరాకు ఒక్కటే అర్థం. తప్పు. మార్కులు పోయాయి. అందుకే తెరమీద ఎర్ర అక్షరాలు రాగానే ఆమె కళ్లు మూసుకున్నంత పనిచేసేది. చదవకుండానే చెరిపేసేది. ఇప్పుడు చదవడం మొదలుపెట్టింది. చూస్తే అందులో తిట్టేమీ లేదు. ఎన్నో వరుసలో ఆగిపోయిందో చెబుతోంది. ఏ రకం ఇబ్బందో కింద చివరి వరుసలో రాస్తోంది. ‘నేమ్ ఎర్రర్’ అంటే ఆ పేరు నేనెప్పుడూ వినలేదు అని. ‘టైప్ ఎర్రర్’ అంటే అంకెను, అక్షరాన్ని కలపమంటున్నావు, ఎలా కుదురుతుంది అని. ‘సింటాక్స్ ఎర్రర్’ అంటే వాక్యం కట్టడమే కుదరలేదు అని.

అయితే ఒక మెలిక ఉంది. తప్పు ఒక వరుసలో ఉంటే, కంప్యూటర్ ఆ తర్వాతి వరుసను చూపించొచ్చు. పైవరుసలో బ్రాకెట్ మూయడం మరిచిపోతే అది కింది వరుసకు వచ్చాకగానీ దానికి అనుమానం రాదు. నడుములో నరం నొక్కుకుంటే కాలు లాగినట్టు. చూపించిన చోట ఏమీ కనిపించకపోతే ఒక వరుస పైకి వెళ్లాలి. కొత్తవాళ్లు ఇక్కడ పడే బాధ గమనించే కాబోలు, 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10లో ‘ఇక్కడ తెరిచిన బ్రాకెట్ మూయలేదు’ అని సూటిగా చెప్పే ఏర్పాటు చేశారు. పాత వెర్షన్‌తో కుస్తీ పడుతున్నవాళ్లు కొత్తది పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఆమె ఒక పాత నోటుబుక్ తీసి ‘తప్పుల పుస్తకం’ అని రాసుకుంది. ఎడమవైపు కంప్యూటర్ ఏమందో, కుడివైపు తను అసలు ఏం తప్పు చేసిందో. వారం తిరిగేసరికి ఒక సంగతి బయటపడింది. తప్పులు వందలు కావు. అవే ఏడెనిమిది మళ్లీ మళ్లీ వస్తున్నాయి.

పక్కన అమ్మ బీడీ చుడుతూ ఒకటి వదులైతే దారం విప్పి, ఆకు సరిచేసి మళ్లీ చుట్టేస్తుంది. ఆకుమీద కోపం లేదు, తనమీద చిరాకు లేదు. రోజుకు ఎన్ని విప్పి చుడుతుందో లెక్కే ఉండదు. ఆ చూపు కూతురికి అప్పుడు పడింది. అమ్మకు రాదని కాదు విప్పేది... వచ్చు కాబట్టే విప్పుతుంది.

అయిదక్షరాల ఊరికి 13!

ఒకరోజు చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. ‘‘అక్కా, దీనికి తెలుగొస్తదా?’’

వస్తుంది. 2008 డిసెంబరులో వచ్చిన మూడో తరం పైథాన్‌కు తెలుగు అక్షరాలు నేరుగా అర్థమవుతాయి. అంతేకాదు, లెక్కలో వాడే పేర్లను కూడా తెలుగులోనే పెట్టుకోవచ్చు. ‘మొత్తం’ అని, ‘బీడీలు’ అని. భాషకు సొంతమైన మాటలు మాత్రం ఇంగ్లిష్‌వే. అవి 35. తెలుగు మీడియం పిల్లలు భయపడే ఇంగ్లిష్ సముద్రంలో తప్పకుండా ఈదాల్సింది ఆ మాత్రమే అన్నమాట!

అక్కాచెల్లెళ్లు ‘తెలుగు’ అనే మాట ఇచ్చి ఎన్ని అక్షరాలో చెప్పమన్నారు. మూడు అని ఎవరైనా చెబుతారు. కంప్యూటర్ 6 అంది. ఊరి పేరు ఇచ్చారు. న, స్రు, ల్లా, బా, ద్... అయిదు. కంప్యూటర్ 13 అంది!

చెల్లెలు ‘‘దీనికి లెక్క రాదక్కా’’ అనేసింది. నెల కిందటైతే అక్క కూడా అదే అనేది. ఇప్పుడు కాగితం తీసి విడగొట్టింది. ‘తె’ అంటే మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు ‘త’ ఒకటి, దానిపైన ఎత్వం ఒకటి. ప్రపంచ భాషలన్నిటి గుర్తులకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో హల్లుకు ఒక నంబరు, గుణింతపు గుర్తుకు వేరే నంబరు, వత్తు కలిపే పొల్లుకు మరో నంబరు. అలా లెక్కేస్తే ‘తెలుగు’ ఆరు. నస్రుల్లాబాద్ సరిగ్గా పదమూడు.

కంప్యూటర్‌కు లెక్క రాక కాదు. అది లెక్కపెట్టేది వేరే వస్తువును. మనం బియ్యం బస్తాలు లెక్కపెడుతుంటే అది కిలోలు లెక్కపెడుతోంది. ‘నువ్వు తప్పు’ అనేముందు ‘నువ్వు దేన్ని లెక్కపెడుతున్నావు’ అని అడగాలి. ప్రోగ్రామింగ్‌లోనే కాదు, ఇంట్లో పోట్లాటల్లోనూ పనికొచ్చే నీతి ఇది.

పెద్దవాళ్లూ పడిన తిప్పలే

ఈ అవస్థ ఊళ్లో పిల్లలకే అనుకుంటే పొరపాటు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 1949లో ఎడ్‌శాక్ అనే తొలితరం కంప్యూటర్‌ను తయారుచేసిన మారిస్ విల్క్స్‌కు, తన సొంత ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాక ఒకరోజు జ్ఞానోదయమైందట. ఇకమీద తన జీవితంలో చాలా భాగం తాను చేసిన తప్పులు తాను వెతుక్కోవడానికే సరిపోతుందని! యంత్రాన్ని కట్టినవాడి పరిస్థితే అది. నేర్చుకునేవాళ్ల సంగతి చెప్పాలా?

మన తెలుగువాడి సంగతే చూద్దాం. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు రాజ్ రెడ్డి. ఆ ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటివాడు. మద్రాసు గిండీలో 1958లో సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు. కంప్యూటర్ పరిచయమైంది ఆ తర్వాతే, ఆస్ట్రేలియా వెళ్లాక. అక్కడ్నుంచి స్టాన్‌ఫోర్డ్‌కు వెళ్లి 1966లో డాక్టరేట్ తీసుకున్నారు. మాటను గుర్తుపట్టే కంప్యూటర్ల మీద, కృత్రిమ మేధ మీద చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిది అది. ఊళ్లలో ప్రతిభ ఉన్న పిల్లల కోసం 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వెనక ఆయన కృషి ఉంది. సివిల్ ఇంజినీరు కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయనకూ అది కొత్త భాషే కదా!

ఇక ఈమెను నెలరోజులు భయపెట్టిన పైథాన్ పుట్టుక వింటే నవ్వొస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో కాలక్షేపానికి మొదలుపెట్టిన పని అది. 1991లో బయటికొచ్చింది. ఆ పేరు కొండచిలువది కూడా కాదు. బీబీసీలో వచ్చిన ‘మాంటీ పైథాన్’ అనే హాస్య కార్యక్రమానిది.

శనారం లెక్క

పండగ దగ్గర పడింది. హైదరాబాద్ నుంచి హాస్టల్ స్నేహితురాలు ఫోన్ చేసింది. ‘‘ఎందుకే అంత కష్టం? ఏఐని అడిగితే రాసిస్తది కదా’’ అంది. నిజమే. ఇప్పుడు ఫోన్లో అడిగితే క్షణాల్లో ప్రోగ్రామ్ వస్తోంది. ఆమె కూడా అడిగింది. వచ్చింది. పనిచేసింది కూడా. కానీ అందులో ఏ వాక్యం ఏం చేస్తోందో తెలీదు. చిన్న మార్పు చేయగానే మొత్తం ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో అర్థంకాలేదు. మళ్లీ సీ పరీక్షే గుర్తొచ్చింది. అప్పుడు పది ప్రోగ్రాములు తను బట్టీ పట్టింది, ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. అంతే తేడా! దాన్ని పక్కనపెట్టి తనే రాయడానికి కూర్చుంది. అర్థంకాని మాట ఎదురైతే దాని అర్థం మాత్రం ఫోన్‌ను అడిగింది.

వారం మొత్తం లెక్క. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు సంఖ్యలు. 850, 900, 800, 950, 900, 750. పైథాన్ వరసను ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి లెక్కపెడుతుందని ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. సోమవారం 0, శనివారం 5. కాబట్టి 0 నుంచి 5 దాకా ఒక్కోరోజు తీసుకుని ‘మొత్తం’లో కలుపుతూ పొమ్మని రాసింది. ఎర్ర అక్షరాలు లేవు. జవాబు వచ్చింది.

‘‘అమ్మా, ఈ వారం 4400 చేసినవ్.’’

అమ్మ పుస్తకం వైపు చూడలేదు. వేళ్లూ మడవలేదు. ‘‘లే బిడ్డా. అయిదువేల నూటయాభై.’’

‘‘కంప్యూటర్ చెప్తుందమ్మా!’’

‘‘చెప్తే చెప్పనీ. చేసింది నేను గదా! ఏడునూటయాభై తక్కువొచ్చింది చూడు. ఏడునూటయాభై అంటే... శనారందే. శనారం నీ మిషిన్ కలపలే.’’

కూతురు తెరవైపు చూసింది. తర్వాత అమ్మవైపు చూసింది. మళ్లీ తెరవైపు చూసింది. నిజమే! 0 నుంచి 5 అంటే పైథాన్ 4 దగ్గరే ఆగిపోతుంది. రెండో అంకె హద్దు. హద్దును కలుపుకోదు. గట్టుదాకా దున్నమంటే గట్టును దున్నరు కదా! 5 స్థానంలో 6 వేసింది.

5150.

ఎర్ర అక్షరాలు రాని తప్పు ఇది. కంప్యూటర్ దృష్టిలో అసలు తప్పే కాదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఏళ్ల అనుభవం ఉన్న ప్రోగ్రామర్లు కూడా ఈ ‘ఒకటి తేడా’ గోతిలో పడుతూనే ఉంటారు. దాన్ని పట్టుకున్నది ఇంగ్లిష్ అక్షరం రాని అమ్మ. తప్పు ఉందని చెప్పడమే కాదు, తేడా ఎంతో చూసి ఆ తప్పు ఏరోజు దగ్గరుందో కూడా చెప్పింది. హైదరాబాద్ కంపెనీల్లో ఈ పనికి ‘డీబగ్గింగ్’ అని పేరు. చాట ముందు కూర్చున్న అమ్మకు అది రోజూ చేసే పని. కార్ఖానాలో లెక్క తక్కువ చెబితే అక్కడికక్కడే పట్టుకోవాలి. లేకపోతే కూలి పోతుంది.

ఆ రాత్రి చెప్పేసింది. ‘‘అమ్మా, నేను పండక్కి రాలే. సమజైతలేదని వాపసొచ్చిన.’’

అమ్మ దారం బిగించి ముడేస్తూ, ‘‘నాకెర్కనే’’ అంది. ‘‘పెట్టె చూస్తే తెల్వదా! పండక్కొచ్చేటోళ్లు దుప్పటి గూడ తెస్తరా?’’

అంతకుమించి ఏమీ అనలేదు. చీటీ మాట ఎత్తలేదు. ‘‘మల్ల ఎన్నడు పోతవ్?’’ అని మాత్రం అడిగింది.

దసరా వెళ్లిన మూడోరోజు ఆమె బాన్సువాడలో హైదరాబాద్ బస్సెక్కింది. పెట్టెలో దుప్పటి ఉంది. సంచిలో తప్పుల పుస్తకం ఉంది. పోయిన క్లాసులు తిరిగి రావు, ఫీజులో మిగిలిన రోజులే మిగిలాయి. ఉద్యోగం వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. కానీ ఈసారి ముందువరుసలో కూర్చుంది. అర్థంకానప్పుడు చెయ్యెత్తుతోంది. సార్ ఇచ్చే ప్రతి ఉదాహరణనూ రాత్రికి బీడీల లెక్కలోకి, వడ్ల లెక్కలోకి మార్చుకుని మళ్లీ రాస్తోంది. జవాబు తెలిసిన లెక్క కాబట్టి తప్పు ఎక్కువసేపు దాక్కోలేకపోతోంది.

ఆదివారం రాత్రి ఇంటినుంచి ఫోన్ వస్తుంది. ముందు చెల్లెలు మాట్లాడుతుంది. ఈఏపీసెట్ పుస్తకాల కన్నా అక్క వదిలివెళ్లిన పైథాన్ నోట్సు మీదే ఆమెకు ఇప్పుడు మోజు. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుంటుంది. తిన్నావా, పడుకున్నావా అని అడగదు. ‘చదువు ఎట్లుంది’ అని కూడా అడగదు. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఇప్పుడు వేరే మాట వచ్చింది.

‘‘శనారం లెక్కొచ్చిందా బిడ్డా?’’